రోజూ నడిపేందుకు స్పోర్ట్స్ సెడాన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఒకే చిన్న కారుతో నెట్టుకొచ్చాను. ఇప్పటికి ఒక మంచి స్పోర్ట్స్ సెడాన్ కొనే స్తోమత వచ్చింది. బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ సి-క్లాస్, ఆడి ఎ4, ఆల్ఫా రోమియో జూలియా, లెక్సస్ ఐఎస్ నా దృష్టిలో ఉన్నాయి. ఆఫీసుకు వెళ్లి రావడానికి రోజూ 50 కిలోమీటర్లు తిరగాలి. అందులో సగం ఆగుతూ సాగే ట్రాఫిక్, సగం విశాలమైన రహదారి. వెనుక సీట్లో బడికి వెళ్లే పిల్లలిద్దరు కూర్చుంటారు. నడిపితే ఉత్సాహంగా ఉండాలి, ఇంట్లోవాళ్ల నడుములు మాత్రం విరగకూడదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటున్నానని మా ఆవిడ నవ్వుతోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఆవిడగారి మాట సగమే నిజం. ఈ తరగతి కార్లు పుట్టిందే ఆ రెండూ కావాలని పట్టుబట్టేవారి కోసం. 1975లో 3 సిరీస్, 1982లో మెర్సిడెస్ 190 వచ్చినప్పటి నుంచీ, కుటుంబం కూర్చునే కారును సుఖం చెడకుండా ఎంత చురుగ్గా మలుపు తిప్పవచ్చునన్నదే ఈ కంపెనీల మధ్య పోటీ. వెనుక చక్రం ఒక్కొక్కదాన్నీ ఐదేసి కడ్డీలతో పట్టి ఉంచే సస్పెన్షన్‌ను 190 వంటి చిన్న సెడాన్‌లో అమర్చడానికి మెర్సిడెస్ అంత శ్రమ పడిందీ ఇందుకే.

కారు పేరు ఎంచుకునే ముందు మీ ప్రయాణాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో లెక్కపెట్టుకోండి. ట్రాఫిక్‌లో 25 కిలోమీటర్లు సగటున గంటకు 20 చొప్పున సాగితే 75 నిమిషాలు పడుతుంది. రహదారి మీద మిగిలిన 25 కిలోమీటర్లు గంటకు 100 చొప్పున వెళితే 15 నిమిషాల్లో అయిపోతాయి. అంటే దూరంలో సగమే అయినా, మీరు కారులో గడిపే కాలంలో ఆరింట ఐదు వంతులు నత్తనడకే. పత్రికల్లోని సమీక్షలు దాదాపు అన్నీ ఆ మిగిలిన ఒక్క వంతు గురించి రాసినవి. (నేను రాసినవీ అందులో ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను.) కాబట్టి మీరు ఈ కార్లను గంటకు 20 కిలోమీటర్ల దగ్గర తూచాలి. ఆ వేగంలో ఇంజను బలం కన్నా గేర్‌బాక్సు నడవడిక, బ్రేకు పెడల్ మొదటి అంగుళంలో స్పందించే తీరు, సీటు, అద్దాల్లోంచి కనిపించే మేర, చిన్న గతుకుల మీద చక్రాల చప్పుడు ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

మొదట గేర్‌బాక్సు సంగతి. 3 సిరీస్‌లోనూ జూలియాలోనూ జడ్ఎఫ్ కంపెనీ 8 గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. అది టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె తిరుగుతూ కుదుపును మింగేస్తుంది. బ్రేకు మీది నుంచి పాదం కాస్త సడలిస్తే కారు నీళ్ల మీద పడవలా ముందుకు జారుతుంది. సి-క్లాస్‌లోని 9 గేర్లదీ మెత్తనిదే. ఎ4లోని 7 గేర్ల డ్యుయల్ క్లచ్ రహదారి మీద రెప్పపాటులో గేరు మారుస్తుంది గానీ, బంపరుకు బంపరు ఆనించి పాకే చోట లోపల క్లచ్ పలకలు మనం మాన్యువల్ కారులో హాఫ్ క్లచ్ మీద నిలిపినట్లే ఒరుసుకుంటూ పనిచేయాలి, అందువల్ల ఒక్కోసారి చిన్న తడబాటు తెలుస్తుంది. పెద్ద లోపమేమీ కాదు, కానీ 75 నిమిషాల పాటు దానితో కాపురం చేయవలసింది మీరు.

ఇక కార్ల స్వభావాలు. ఎ4లో ఇంజను ముందు ఇరుసుకు ముందుగా కూర్చుంటుంది, అందువల్ల ముక్కు బరువు. క్వాట్రో, అంటే ఆడి వారి నాలుగు చక్రాల డ్రైవ్, ఉన్న కారు తడి రోడ్డు మీద కొండంత ధైర్యాన్నిస్తుంది, అయితే మలుపులో స్టీరింగ్ తిప్పగానే ఉత్సాహంగా తల తిప్పే గుణం దానికి తక్కువ. లోపలి పనితనం మాత్రం నేటికీ ముచ్చటగా ఉంటుంది. 2024లో దాని స్థానంలోకి ఎ5 అన్న పేరుతో కొత్త కారు వచ్చింది కనుక, మీకు ఎ4 దొరికినా అది పాత తరానిదేనని గుర్తుంచుకోండి. లెక్సస్ ఐఎస్ మూడో తరం 2013 నాటిది. గట్టితనంలో దానికి మంచి పేరుంది, స్టీరింగ్ కూడా నిజాయితీ గలది, కానీ వెనుక సీటు ఇరుకు. మీ పిల్లల మోకాళ్లు ఏటేటా పొడవు పెరుగుతాయి కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

జూలియా గురించి రాస్తే మనసు ఒకవైపు లాగుతుంది. స్టీరింగ్ ఎంత చురుకంటే, మామూలు కారు నుంచి వచ్చినవారు మొదటి రోజు ప్రతి మలుపులోనూ అవసరానికి మించి తిప్పేస్తారు. ఒంట్లో బరువు తక్కువ, 2 లీటర్ల టర్బో ఇంజను 280 హార్స్ పవర్ దాకా ఇస్తుంది. అయితే వెనుక అద్దం చిన్నది. బ్రేకులు విద్యుత్ వ్యవస్థ ద్వారా పనిచేసేవి కావడంతో, నెమ్మదిగా ఆపేటప్పుడు పెడల్‌కు పాదం అలవాటు పడడానికి కొన్నాళ్లు పడుతుంది. మీకు దగ్గరలో దీన్ని బాగా ఎరిగిన సర్వీస్ కేంద్రం లేకపోతే ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

మిగిలినవి రెండు. ఇప్పటి సి-క్లాస్ 2021 నుంచి వస్తోంది. ఇందులో అన్నీ 4 సిలిండర్ల ఇంజన్లే, వాటికి తోడు 48 వోల్టుల చిన్న విద్యుత్ సహాయం ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజను మళ్లీ ఎప్పుడు మేలుకుందో మీకు తెలియదు. ట్రాఫిక్ బాధను మరపించడంలో దీనిదే పైచేయి. అయితే మలుపుల్లో అది మీతో ముచ్చటించదు, చెప్పిన పని చేసి ఊరుకుంటుంది. పైగా చాలా పనులు తెర మీద వేలితో చేయాలి, అది నాకు నచ్చదు. 3 సిరీస్‌లో బరువు ముందు, వెనుక ఇరుసుల మీద దాదాపు సగం సగం పడుతుంది, వెనుక చక్రాలు నెట్టే రకాల్లో ముందు చక్రాలకు దారి మళ్లించడం తప్ప కారును లాగే పని ఉండదు. అందువల్ల గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఒక గుండ్రని కూడలి చుట్టి వచ్చినా చేతుల్లో హాయి తెలుస్తుంది. మీకు నా సలహా 3 సిరీస్. అది కూడా పెద్ద చక్రాలు, గట్టి స్పోర్ట్స్ సస్పెన్షన్ ఉన్నది కాదు. 17 లేదా 18 అంగుళాల చక్రాలతో, రోడ్డును బట్టి మెత్తదనం మార్చుకునే అడాప్టివ్ డ్యాంపర్లతో తీసుకోండి. కారు నడిపే వంతు సగం మీ ఆవిడది, ఆమెకు మలుపుల మీద మోజు లేదు అనుకుంటే, సి-క్లాస్ కొన్నందుకు ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు.

ప్రశ్న: నేను బుక్ చేసిన కారుకు 17 అంగుళాల చక్రాలు మామూలుగా వస్తాయి. కొంత అదనంగా ఇస్తే 19 అంగుళాలవి ఇస్తామంటున్నారు. ఫోటోల్లో 17 చూస్తే పెద్ద మనిషికి చిన్న చెప్పులు తొడిగినట్లుంది. 19 తీసుకుంటే నిజంగా అంత కుదుపు ఉంటుందా?

జవాబు: ఉంటుంది, దానికి లెక్క కూడా ఉంది. టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చూడండి. 225/50 ఆర్ 17 అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, దాని పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 50 శాతం, అంటే సుమారు 112 మిల్లీమీటర్లు. 225/45 ఆర్ 18కి అది 101 అవుతుంది. 225/40 ఆర్ 19కి 90 మాత్రమే మిగులుతుంది. విచిత్రమేమిటంటే మూడింటిలోనూ చక్రం మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, సుమారు 66 సెంటీమీటర్లు. మీరు డబ్బిచ్చి కొనేది పెద్ద చక్రాన్ని కాదు. లోపల లోహాన్ని పెంచి, బయట రబ్బరునూ గాలినీ తగ్గించుకుంటున్నారు. గుంత అంచు తగిలినప్పుడు మొదట నలిగి దెబ్బను ఓర్చుకునేది ఆ పక్కగోడే. 112లో 22 మిల్లీమీటర్లు పోతే ఓర్పులో ఐదో వంతు పోయినట్లు.

దీనికి రన్‌ఫ్లాట్ టైర్లు తోడైతే మరీ కష్టం. గాలి పోయినా సుమారు 80 కిలోమీటర్ల దూరం, గంటకు 80 మించకుండా నడపగలిగేలా వాటి పక్కగోడలను బిరుసుగా తయారు చేస్తారు. ఆ బిరుసుతనం గాలి ఉన్నప్పుడూ పోదు కదా. రన్‌ఫ్లాట్లు ఉన్న చాలా కార్లలో స్టెప్నీ ఉండదు. వాటిని తీసి మామూలు టైర్లు వేసుకోవాలనుకుంటే డిక్కీలో గాలి కొట్టే చిన్న పంపు, పంక్చరు మందు పెట్టుకుని తిరగాలి. నేనైతే ఆ పనే చేస్తాను.

ఒకప్పుడు నేనూ ఫోటోకే లొంగిపోయి 19 అంగుళాలవి వేయించుకున్నాను. నాలుగో నెలలో, వాన నీళ్లు నిండిన గుంత కనబడక, ఎడమవైపు ముందు చక్రం దిగింది. టైరు చెక్కుచెదరలేదు. రిమ్ము లోపలి అంచు మాత్రం బొటనవేలు పట్టేంత నొక్కుకుపోయింది. అది బయటివైపు నుంచి కనిపించదు. రెండు వారాలు రాత్రి పెట్టిన గాలి ఉదయానికి ఎందుకు తగ్గుతోందా అని వాల్వులను అనుమానిస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నా కారుకున్నవి 17 అంగుళాలవే. లోపల కూర్చున్నవాడికి చక్రాలు కనిపించవు.

మరో మాట. 19 అంగుళాల సెట్లలో చాలావరకు వెనుక టైర్లు ముందువాటికన్నా వెడల్పుగా, ఉదాహరణకు 255/35గా ఉంటాయి. అలాంటప్పుడు ముందువి వెనక్కీ వెనుకవి ముందుకీ మార్చి అరుగుదలను సమం చేసుకోవడం కుదరదు. వెనుకవి ముందుగానే అరుగుతాయి, ఆ ఖర్చు ఏటా కనిపిస్తుంది. ఫోటో నిజంగా అంత బాధిస్తుంటే 18 దగ్గర రాజీ పడండి.

ప్రశ్న: 320ఐ, 330ఐ, ఎం340ఐ. ఈ మూడు 3 సిరీస్ రకాల్లో రోజువారీ వాడకానికి ఏది?

జవాబు: కాగితం మీద 0 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 320ఐకి 7.1 సెకన్లు, 330ఐకి 5.8, నాలుగు చక్రాలకూ బలమందే ఎం340ఐకి 4.4. ట్రాఫిక్‌లో ఈ తేడాలు బయటపడవు. పనికొచ్చేది తక్కువ ఆర్‌పీఎం వద్ద, అంటే ఇంజను నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడే, అందే టార్క్, అంటే తిప్పే బలం. 330ఐలో 400 న్యూటన్ మీటర్ల టార్క్ సుమారు 1,550 ఆర్‌పీఎం వద్దే పూర్తిగా అందుతుంది కాబట్టి, రహదారి మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు గేర్‌బాక్సు రెండు మెట్లు కిందికి దిగి గోల చేయనవసరం లేదు. ఒంటరిగా, ఎక్కువగా నగరంలోనే తిరిగేవారికి 320ఐ చాలు. నలుగురూ సామానుతో వెళ్లేవారికి 330ఐ. ఎం340ఐలోని 6 సిలిండర్ల వరుస ఇంజను అవసరం కాదు, విలాసం. ఆరు పిస్టన్లు ఒకదాని ఊపును ఒకటి రద్దు చేసుకునే అమరిక వల్ల అది సహజంగానే నిమ్మళంగా తిరుగుతుంది. ఆ స్వరం రోజూ వినాలని ఉంటే, పెట్రోలు ఖర్చుకు వెనకాడని వారైతే తీసుకోండి. దానికి వేరే సమర్థన వెతకవద్దు.

ప్రశ్న: ఇన్నాళ్లూ ముందు చక్రాలు లాగే కారే నడిపాను. వెనుక చక్రాలు నెట్టే కారు వానలో జారిపోతుందని మా అన్నయ్య భయపెడుతున్నాడు. నాలుగు చక్రాల డ్రైవ్ తప్పనిసరి అంటాడు. నిజమేనామ్మా?

జవాబు: మీ అన్నయ్యగారి భయం ఒక తరం వెనుకటిది. చక్రం జారబోతోందని పసిగట్టి ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును దారిలో పెట్టే స్థిరత్వ నియంత్రణ 1995లోనే మెర్సిడెస్ కారులో వచ్చింది, ఇప్పుడు ఈ తరగతిలో అది లేని కారు లేదు. దాన్ని ఆపివేసే మీట జోలికి వెళ్లకపోతే వానలో మీకు ప్రత్యేకమైన భయమేమీ అక్కర్లేదు. నాలుగు చక్రాల డ్రైవ్ కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. ఆపే పని టైర్లది. చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి మిగిలి ఉంటే చాలంటుంది, కానీ తడి రోడ్డు మీద 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే మార్చడం మేలు. మంచు పడే చోట, ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పోయే చోట ఉంటే శీతకాలపు టైర్లు కొనండి. ఆ టైర్లున్న వెనుక చక్రాల కారు, ఎండాకాలపు టైర్లతో తిరిగే నాలుగు చక్రాల కారు కన్నా నమ్మదగినది.

ప్రశ్న: నాలుగైదేళ్లు వాడిన లగ్జరీ సెడాన్ కొత్త మామూలు కారు ధరకే దొరుకుతోంది. తీసుకోవచ్చా, లేక ఇందులో ఏదైనా మతలబు ఉందా?

జవాబు: మతలబేమీ లేదు. ఈ కార్లు మొదటి మూడు నాలుగేళ్లలో ధర బాగా కోల్పోతాయి, ఆ నష్టం మొదటి యజమాని భరించాడు. కానీ తగ్గింది కారు ధర మాత్రమే. విడి భాగాల ధర, పనివారి కూలి కొత్త కారుకు ఎంతో దీనికీ అంతే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడేవారికి ఇది సరిపడదు. కొనే ధరతో పాటు మొదటి ఏడాది మరమ్మతులకని కొంత సొమ్ము విడిగా తీసి పెట్టగలిగితేనే ముందుకు వెళ్లండి.

చూడవలసినవి చెబుతాను. ముందుగా, మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలని అమ్మేవారికి చెప్పి వెళ్లండి, వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మరో రోజు వస్తానని చెప్పడానికి మొహమాటపడకండి. చల్లని ఇంజను స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో వినిపించే ఇంజను లోపలి గొలుసు గలగల, సైలెన్సర్ నుంచి వచ్చే నీలి పొగ వేడెక్కాక దొరకవు. తర్వాత టైర్లు. పక్కగోడ మీద చిన్న చట్రంలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. నాలుగూ ఒకే కంపెనీవా, ఒకే వయసువా అన్నది చూడండి. ఖరీదైన కారుకు నాలుగు రకాల చవక టైర్లు వేసిన మనిషి కంటికి కనబడని ఆయిల్ దగ్గర ఇంకెంత పొదుపు చేసి ఉంటాడో ఊహించుకోవచ్చు.

సర్వీస్ పుస్తకంలో ఆయిల్ ఎన్నాళ్లకు మారిందో చూడండి. కంపెనీలు 2 ఏళ్లు లేదా 30,000 కిలోమీటర్ల దాకా గడువిచ్చినా, టర్బో ఇంజను ట్రాఫిక్‌లో తిరిగితే 10,000 నుంచి 15,000కే మార్చడం మంచిది, అలా మార్చిన కారు దొరికితే వదలకండి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో లోపలికి గాలినిచ్చే వాల్వుల మీద పెట్రోలు పారదు, కనుక వాటి మీద మసి పేరుకుంటుంది. కారు ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు ఇంజను గునిసినట్లు కొట్టుకుంటుంటే ఆ అనుమానం రావాలి. డీజిల్ అయితే పొగలోని మసిని పట్టే ఫిల్టరును అడగండి. అది శుభ్రపడాలంటే తరచుగా ఒక సుదీర్ఘ ప్రయాణం కావాలి, రోజూ 3 కిలోమీటర్లు మాత్రమే తిరిగిన డీజిల్ కారు మీకు వద్దు. తక్కువ తిరిగిందన్నది గొప్పగా చెప్పుకునే మాటే గానీ, కూలింగ్ వ్యవస్థలోని ప్లాస్టిక్ భాగాలు, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు కిలోమీటర్లతో పాటు వయసుతోనూ పాడవుతాయి.

బ్యాటరీ మార్చి ఉంటే, కొత్తది వేసినట్లు కారు కంప్యూటరుకు తెలియజేశారా అని కూడా అడగండి. బీఎండబ్ల్యూ వంటి కార్లలో ఛార్జింగ్ బ్యాటరీ వయసును బట్టి సాగుతుంది కనుక, ఆ పని చేయకపోతే కొత్త బ్యాటరీ పాతదానిలా చూడబడి తొందరగా చెడుతుంది. ఇవన్నీ మీ వల్ల కాకపోతే, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు రుసుమిచ్చి, కారును లిఫ్ట్ ఎక్కించి చూపించండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర టీ కూడా తాగకండి.

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్‌కు షోరూమువాళ్లు పావుగంటే ఇస్తున్నారు. పక్కన కూర్చున్న అమ్మకం కుర్రాడు గట్టిగా తొక్కండి సార్, పికప్ చూడండి అంటాడు. ఆ పావుగంటలో ఏం తెలుస్తుంది?

జవాబు: తొక్కకండి. ఈ తరగతిలో ప్రతి కారుకూ పికప్ ఉంటుంది. దానికోసం పావుగంట వృథా.

మొదటి మూడు నిమిషాలు కారు కదపకండి. సీటు సరిచేసుకుని, మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనేలా కూర్చోండి. మోకాలు పక్కనున్న తలుపుకో మధ్య దిమ్మెకో ఒరుసుకుంటోందా చూడండి, అరగంట ప్రయాణంలో అదే చోట నొప్పి పుడుతుంది. చూపు తిప్పకుండా, తెర ముట్టకుండా ఏసీ చల్లదనం మార్చడానికి ప్రయత్నించండి. తర్వాత షోరూము వెనుక ఖాళీలో రెండు సార్లు రివర్స్ చేసి, కెమెరా చూడకుండా అద్దాలతోనే గీతల మధ్య నిలపండి. అప్పుడు రోడ్డెక్కండి. మీకు తెలిసిన ఒక పాడు రోడ్డుకు తీసుకువెళ్లి, రేడియో ఆపించి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో మొదట కంఫర్ట్ మోడ్‌లో, మళ్లీ స్పోర్ట్ మోడ్‌లో నడపండి. గతుకు తగిలినప్పుడు దభీమని ఒక్కసారి వినిపించి ఆగిపోతే ఫరవాలేదు, దాని వెంట కారు ఇంకా వణుకుతుంటే ఆ చక్రాలు ఆ కారుకు పెద్దవన్నమాట. ట్రాఫిక్ దొరికితే అదృష్టమనుకోండి, బ్రేకు మీద పాదం ఆనించి పది గజాలు పాకించి, తల ముందుకు ఊగకుండా ఆపగలుగుతున్నారా అన్నది పరీక్షించండి.

వెనక్కి వచ్చేటప్పుడు ఆ కుర్రాడిని నడపమని మీరు వెనుక సీట్లోకి మారండి. వెనుక చక్రాలు నెట్టే కార్లలో మధ్యలో ఉబ్బుగా ఒక సొరంగం నడుస్తుంది, మధ్యన కూర్చునేవారు దానికి అటొకటి ఇటొకటి కాళ్లు వేసుకోవాలి. అక్కడ మీరే కూర్చుని చూడండి. ఇంట్లో పసిపిల్లలుంటే వారి సీటును వెంట తీసుకువెళ్లి బిగించి చూడండి. ముందు సీటు మీరు సరిచేసుకున్న చోటే ఉండగా అది పట్టకపోతే, ముందు సీటును ఎంత దూరం జరపవలసి వచ్చిందో స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి.